ముందు ఎవరూ పాడని చోట

భానుశ్రీ చేతికి వచ్చిన కాగితం మీద మొదటి వరుసలో ఒకే స్వరం పదహారుసార్లు ఉంది. రెండో వరుసలో అదే స్వరం ఇంకో పన్నెండుసార్లు. ఆ తర్వాత ఒక అడ్డగీత, దాని మీద ఇరవైనాలుగు అని అంకె. అంటే ఇరవైనాలుగు ఆవర్తనాలపాటు ఏమీ వాయించకుండా లెక్కపెట్టుకుంటూ కూర్చోమని అర్థం. అంతసేపు కూర్చున్నాక దక్కేది మళ్ళీ ఆ స్వరమే, ఎనిమిదిసార్లు.

వంటింటి పక్కగదిలో ఆమె దీన్ని సాధన చేస్తుంటే భర్త ఫణికుమార్ కాఫీ కప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వా భానూ? స్మోక్ డిటెక్టర్‌లో బ్యాటరీ అయిపోయి కుయ్యి కుయ్యిమంటోందేమో, మారుద్దామని వచ్చాను."

"సింఫనీ అండీ."

"ఇదా?"

"ఇందులో నా వంతు ఇది. మిగతావాళ్ళు కూడా ఉంటే బావుంటుంది."

"మిగతావాళ్ళని కూడా ఓసారి ఇంటికి పిలవకపోయావా మరి," అని ఆయన కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. యాభై అరవైమంది కలిసి వాయించే సంగీతంలోంచి రెండో వయొలిన్లవాళ్ళ వరుస ఒక్కటే పీకి తెచ్చి వింటే ఎవరికైనా అలాగే ఉంటుంది. సాంబారులోంచి ఇంగువ ఒక్కటీ తీసి నాలిక మీద పెడితే ఎవరు మెచ్చుకుంటారు? భానుశ్రీకే మొదటి వారం నవ్వొచ్చింది. రెండో వారం కోపమొచ్చింది. పదేళ్ళప్పుడు ఫిడేలు పట్టిన మనిషి, పట్టి నలభై ఏళ్ళు దాటింది. విజయనగరంలో ఫిడేలు మీద ఆమె కమాను లాగే తీరు విని పెద్దపెద్దవాళ్ళు తలలూపేవారు. అలాంటిది యాభైమూడేళ్ళ వయసులో, జార్జియా రాష్ట్రంలో, కమ్మింగ్ అనే ఊళ్ళో, చర్చి హాల్లో ఆఖరి కుర్చీలో కూర్చుని ఒకే స్వరం పదహారుసార్లు వాయించాలి. పోనీ, అదైనా సరిగ్గా వాయిస్తోందా అంటే, లేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

గొడవ చెప్పేముందు మనిషి సంగతి చెప్పాలి. భానుశ్రీ నాన్నగారు విజయనగరంలో రిజిస్ట్రారాఫీసు గుమాస్తా. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి శేషరత్నం పాడేది. భానుశ్రీ ఆమెకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. పెద్దది పాడుతోంది కాబట్టి చిన్నదానికి ఫిడేలు నేర్పిస్తే కచేరీ అన్నప్పుడల్లా బయటివాళ్ళని బతిమాలుకోనక్కర్లేదని నాన్నగారి ఆలోచన. పిల్లని అడగలేదు. అడిగినా ఆ పిల్ల ఫిడేలే అనేదేమో, అక్కంటే అంత పిచ్చి. పద్నాలుగో ఏట అక్క ఎడమపక్కన జంబుకానా మీద కూర్చుంది. శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా బస్సుల్లో, పాసింజరు బళ్ళలో ఇద్దరూ తిరిగారు. ఫిడేలు పెట్టె ఎప్పుడూ చెల్లెలి ఒళ్ళో ఉండేది, తంబురా అక్క ఒళ్ళో ఉండేది.

పక్కవాద్యం అంటే వినేవాళ్ళకి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, కాదు. పాడేవాళ్ళు రాగం ఎత్తుకుంటారు. ఎటు పోతారో వాళ్ళకే తెలియదు. ఫిడేలు వాయించేవాళ్ళు వాళ్ళ పెదాలవంక చూస్తూ, విన్నదాన్ని విన్నట్టే అందిపుచ్చుకుని, వెంట్రుకవాసి వెనకాల నడవాలి. ముందు పడితే పొగరంటారు. మరీ వెనకబడితే చేతకాలేదంటారు. పనితనమంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. భానుశ్రీకి అది ఎంత బాగా వచ్చిందంటే, అక్క ఒక్కోసారి కచేరీ అయ్యాక, "నువ్వు వాయించావో లేదో కూడా తెలీలేదే ఇవాళ" అనేది. అది మెచ్చుకోలు. ఆ రోజు చెల్లెలు ఇంకో రెండు ఇడ్లీలు ఎక్కువ తినేది.

రెండువేల మూడులో భానుశ్రీ ఫణికుమార్‌తో అమెరికా వచ్చేసింది. అయినా అక్కని వదల్లేదు. ముందు కాలింగ్ కార్డులు, తర్వాత వాట్సాప్. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి, అక్కడ సాయంత్రం దీపాలవేళకి, అక్క పాడేది, ఈమె ఇక్కడ వాయించేది. ఫోన్లో మాట చేరేసరికి కాస్త ఆలస్యం అవుతుంది కదా. అక్క పాడింది ఈమెకి ఆలస్యంగా వినిపించేది, ఈమె వాయించింది అక్కకి ఇంకా ఆలస్యంగా చేరేది. అక్క ఒక వాక్యం పూర్తిచేసి ఊరుకుంటే అప్పుడు వచ్చేది ఈమె ఫిడేలు. మొదట్లో భానుశ్రీ బాధపడింది. "నువ్వు వాయించవే, నాకెప్పుడు వినపడితే అప్పుడు వింటాను," అంది అక్క. అలా ఇరవయ్యేళ్ళ దాకా. వెంట్రుకవాసి ఆలస్యం కాస్తా నిండు క్షణం ఆలస్యం అయి చేతికి అలవాటైపోయింది.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున్న భానుశ్రీ శ్రుతి చేసుకుని ఫోన్ ముందు కూర్చుంటే అవతల బావగారు ఎత్తారు. ముందురోజు రాత్రి అక్కకి పక్షవాతం వచ్చిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. ఆయన చెబుతున్నంతసేపూ ఫిడేలు ఈమె భుజానికి ఆనుకునే ఉంది. ఆ తర్వాత దాన్ని పెట్టెలో పెట్టేసింది.

ఇక్కడి తెలుగువాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళ పిల్లల గాత్ర కచేరీలకి, రామనవమి ఉత్సవాలకి వాయించమని ఎంతో అడిగారు. ఆమె ఏదో ఒక సాకు చెప్పేది. ఎవరి ఎడమపక్కన కూర్చున్నా అది అక్క పక్క కాదని తెలుస్తూనే ఉంటుంది కదా. ఆ బాధ తనకొద్దనుకుంది.

కూతురు రిషిత కాలేజీకి వెళ్తూ తన స్కూల్ వయొలిన్ అమ్మకి అప్పజెప్పింది. ఇక్కడ మనవాళ్ళ పిల్లలందరిలాగే అదీ ఆరో తరగతి నుంచి ఆర్కెస్ట్రాలో వాయించి, కాలేజీ సీటు రాగానే మూసేసింది. లైబ్రరీ గోడ మీద చూసిన కాగితం ఫోటో కూడా పంపింది. ఊరి ఆర్కెస్ట్రాకి మనుషులు కావాలట, పెద్దవాళ్ళెవరైనా రావచ్చట, రెండో వయొలిన్లలో ఒక కుర్చీ ఖాళీ ఉందట.

"అమ్మా, అక్కడ ఎవరూ పాడరు. జస్ట్ ఇన్‌స్ట్రుమెంట్స్," అంది ఫోన్లో.

ఆ ఒక్క మాటకి భానుశ్రీ ఒప్పుకుంది.

ఒప్పుకుంది గానీ, ఎన్ని తిప్పలో. కింద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలని పాదానికి ఆనించి వాయించిన మనిషి కుర్చీలో నిటారుగా కూర్చుని గడ్డం కింద ఇరికించుకోవాలి. మెడ పట్టేసింది. తీగలకి శ్రుతి వేరు. వేలు జారిస్తే వెంటనే అందరూ వెనక్కి చూసేవారు, ఒక్క స్వరాన్నీ ఊపకూడదట. నొటేషన్ చదవడం రిషిత వీడియో కాల్లో నేర్పింది. భానుశ్రీ ప్రతి చుక్క కిందా పెన్సిలుతో స, రి, గ అని తెలుగులో రాసుకుంది.

ఆ కాగితం ఆమె ఒక్కదానిది కాదు. కాగితం పెట్టుకునే ఒక స్టాండుకి ఇద్దరు కూర్చుంటారు, ఇద్దరికీ ఒకటే కాగితం. ఆమె పక్కన కూర్చునేది వాల్టర్ అనే ముసలాయన, ఎనభైకి రెండేళ్ళు తక్కువ. ముప్పైఏళ్ళు ఇదే ఊళ్ళో ఉత్తరాలు బట్వాడా చేసి రిటైరయ్యాడు. మొదటిరోజు ఆ తెలుగు అక్షరాలు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులోనే, మన సౌకర్యానికి తెలుగులో చెప్పుకుందాం.

"ఇది మీ భాషా?"

"సారీ అండీ, చెరిపేస్తాను."

"వద్దు, ఉండనివ్వండి. చూడ్డానికి గుండ్రంగా బావుంది." తర్వాత, "మీ ఇల్లెక్కడ?" అని అడిగాడు. ఆమె సబ్‌డివిజన్, అంటే తాముండే కాలనీ, పేరు చెప్పింది. "అక్కడ కోళ్ళఫారం ఉండేది. మొత్తానికి రెండే మెయిల్‌బాక్సులు. ఇప్పుడు రెండొందలుంటాయి," అన్నాడు.

ఆ పూట ఆమె తన బాధ ఆయనతో చెప్పుకుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తుంటే తల, తోక ఏమీ తెలియడం లేదని. వాల్టర్ నవ్వాడు. "నేను ముప్పైఏళ్ళు ఉత్తరాలు పంచాను. ఏ కవర్లో ఏముందో నాకు తెలీదు. తెలియక్కర్లేదు కూడా. వేళకి గుమ్మం దగ్గరకి చేర్చానా లేదా, అంతే. ఇదీ అలాగే అనుకోండి."

రిహార్సల్ ప్రతి మంగళవారం సాయంత్రం. నాలుగో మంగళవారం ఆమెకి ఆ ముక్క అర్థమైంది. మొదటిసారి అందరూ ఒకేసారి మొదటి భాగం మొత్తం వాయించారు. ఆమె పదహారు స్వరాల మీదుగా ఫ్లూటు ఒకటి దాటిపోయింది, కింద చెల్లోలు అనే లావుపాటి ఫిడేళ్ళు ఏదో గొణుక్కున్నాయి, హాలు నేల కుర్చీ కాళ్ళలోంచి వణికింది. ఇంట్లో బ్యాటరీ అయిపోయినట్టు కూసిన ఆ స్వరమే ఇక్కడ అందరూ నిలబడ్డ నేల. అందరిదీ ఒకటే పాట, అది పూర్తిగా ఏ ఒక్కరి దగ్గరా లేదు. భానుశ్రీకి గుండె నిండిపోయింది. అక్క పోయాక అంత సంతోషం ఆమెకి అదే మొదలు. కార్లో ఇంటికి వస్తూ తనలో తనే నవ్వుకుంది.

ఇంక గొడవలోకి వద్దాం. సింఫనీలో నాలుగు భాగాలుంటాయి. వీళ్ళు ఎంచుకున్నదాంట్లో రెండో భాగం చాలా నెమ్మది. అది నిశ్శబ్దంలోంచి మొదలవుతుంది, మొదలుపెట్టేది రెండో వయొలిన్లే. ఎనిమిదిమంది, లోగొంతుతో, ఒకే స్వరం. మిగతావాళ్ళంతా ఎనిమిది ఆవర్తనాలపాటు ఊరికే కూర్చుంటారు.

మొదటి భాగంలో భానుశ్రీకి ఇబ్బంది లేదు, ముందు ఎవరో ఒకరు వాయిస్తూనే ఉంటారు, వాళ్ళని పట్టుకుని పోతుంది. ఇక్కడ ముందు ఎవరూ లేరు. కండక్టర్ మార్గరెట్ చేయి దించింది. ఆరుగురు మొదలుపెట్టారు. భానుశ్రీ చెవి ఆ ధ్వనిని అందుకుని, అప్పుడు చేతికి చెప్పింది. నిండు క్షణం ఆలస్యం.

"వెనకనుంచి ఎవరో ఆలస్యంగా వస్తున్నారు. మళ్ళీ," అంది మార్గరెట్.

మళ్ళీ అలాగే అయింది. మూడోసారీ అంతే. అందరూ మర్యాదస్తులు కాబట్టి ఎవరూ వెనక్కి తిరగలేదు. వెనక్కి తిరగకపోవడమే భానుశ్రీకి ఎక్కువ సిగ్గనిపించింది.

రిహార్సల్ అయ్యాక మార్గరెట్ ఆమె దగ్గరకి వచ్చింది. హైస్కూల్లో సంగీతం చెప్పి రిటైరైన మనిషి, నెమ్మదస్తురాలు.

"మీ కమానులో మంచి నాదం ఉంది. కానీ మొదలుపెట్టేముందు మీరు ఎవరికోసం చూస్తున్నారు?"

"మొదలుపెట్టేవాళ్ళ కోసం."

"మొదలుపెట్టేది మీరే కదా."

"నేనొక్కదాన్నా?"

"కాదు, ఎనిమిదిమందీ."

"వాళ్ళలో ముందెవరు?"

మార్గరెట్‌కి ఆ ప్రశ్న ఎక్కడినుంచి వస్తోందో పాపం తెలియదు. "ముందెవరూ లేరు. సింఫనీ అన్న మాటకి అర్థమే కలిసి మోగడం. ఊపిరి కలిసి తీసుకుంటే కలిసి మొదలవుతుంది," అంది. తర్వాత మెల్లగా అసలు మాట చెప్పింది. వచ్చే వారం శనివారం కచేరీ, దానికి ముందు గురువారం ఆఖరి రిహార్సల్. అప్పటికీ కలవకపోతే ఆ ఎనిమిది ఆవర్తనాలూ భానుశ్రీ వాయించకుండా కూర్చోవాలి, తొమ్మిదోదాంట్లో చెల్లోలు వచ్చాక కలవాలి.

పైకి చూస్తే చిన్న విషయమే. ముప్పై సెకన్లు ఊరుకోమంది, అంతే. భానుశ్రీకి మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి. బతుకంతా ఒకరి వెనకాల నడిచిన మనిషి. ఆ ఒకరూ పోయాక, నలుగురితో కలిసి అడుగువేసే చోటు ఒకటి దొరికిందని మురిసింది. అక్కడా నువ్వు ఆగు, వాళ్ళు వెళ్ళాక రా అంటున్నారు. పైగా ఫణికుమార్ అప్పటికే పద్నాలుగుమందికి టికెట్లు బుక్ చేసి వాట్సాప్ గ్రూపులో గొప్పగా పెట్టేశాడు.

రిషితకి ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు సౌండ్ కోసం వెయిట్ చేస్తున్నావ్. సౌండ్ వినపడింది అంటే అప్పటికే లేట్ అయిపోయింది. బ్రీత్ చెయ్యి, వెళ్ళిపో. డోంట్ లిసన్."

"వినకుండా ఎలా వాయిస్తారే? నేనెప్పుడూ ముందు మొదలుపెట్టలేదు."

"ఐ నో అమ్మా. పెద్దమ్మ స్టార్ట్ చేసేది." అంటూనే, "ఓకేనా నువ్వు?" అంది రిషిత. ఓకే అంది తల్లి. ఓకే కాదని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి మంగళవారం రిహార్సల్లో మళ్ళీ అదే జరిగింది. ఈసారి మార్గరెట్ కర్ర దించి, "వాల్టర్, మీరు కూడానా?" అంది.

ముప్పైఒక్కేళ్ళుగా ఆ ఆర్కెస్ట్రాలో ఉన్న మనిషి. పేరు పెట్టి అనిపించుకోవడం అదే మొదటిసారి అయి ఉంటుంది. చెవులు ఎర్రబడ్డాయి. భానుశ్రీకి అప్పుడు తట్టింది. నిజమే, తను ఆలస్యంగా వచ్చినప్పుడల్లా వాల్టర్ కూడా తనతోనే వస్తున్నాడు. తనని ఒంటరిని చెయ్యడం ఇష్టంలేక కావాలనే ఆగుతున్నాడనుకుంది.

పార్కింగ్ లాట్‌లో ఆయన ట్రక్కు దగ్గర ఆగి క్షమాపణ చెప్పింది. "నాకోసం మీరు మాటపడ్డారు. ఇకనుంచి నాకోసం ఆగకండి."

వాల్టర్ తాళంచెవులు వెతుక్కుంటున్నాడు. ఆమె ఇంకోసారి, గట్టిగా చెప్పింది. అప్పుడు తలెత్తాడు.

"ఆగడం కాదమ్మా. గట్టిగా అంటే తప్ప నాకు వినపడదు." చొక్కా జేబులోంచి హియరింగ్ ఎయిడ్స్ రెండూ తీసి అరచేతిలో చూపించాడు. "ఇవి పెట్టుకుంటే అంతా రేకు డబ్బాలో రాళ్ళు పోసినట్టు ఉంటుంది. మాటలకి పెట్టుకుంటాను, సంగీతానికి తీసేస్తాను. నాలుగేళ్ళయింది. కళ్ళు కూడా అంతంత మాత్రమే, మార్గరెట్ చెయ్యి నాకు మసగ్గా కనపడుతుంది. నాకు స్పష్టంగా కనపడేది పక్కన ఉన్న కమాను ఒక్కటే."

"నాదా?"

"ఇదివరకు డొరోతీది. పందొమ్మిదేళ్ళు మేమిద్దరం ఒకే స్టాండు. నేనేం చెప్పలేదు, తనకి తెలుసు. కొడుకు దగ్గరకి ఫ్లోరిడా వెళ్ళిపోయింది. ఇప్పుడు మీది. మీరు కదిలితే నేను కదులుతాను."

భానుశ్రీ తల అడ్డంగా ఊపింది. "మీరు నమ్ముకోకూడని మనిషిని నమ్ముకున్నారు. నేనే ఇంకొకరికోసం చూస్తున్నాను."

"మిగతాదంతా మీరు బాగానే తీసుకెళ్తారు. ఆ మొదటిది ఒక్కటే." ట్రక్కు తలుపు తీసి, ఎక్కబోతూ ఆగాడు. "మార్గరెట్‌కి చెప్పకండి. చెబితే ఆవిడ నన్ను పొమ్మనదు, మంచిమనిషి; నేనే మానుకోవాల్సొస్తుంది. ఇంట్లో మంగళవారాలు చాలా పొడుగ్గా ఉంటాయి, అందుకని."

ఆ రెండు రోజులూ భానుశ్రీ ఏ పని చేస్తున్నా మనసు అక్కడే ఉంది. అన్నం మాడ్చింది. ఫణికుమార్‌కి రెండుసార్లు కాఫీలో చక్కెర మర్చిపోయింది, ఆయన పాపం రెండుసార్లూ తాగేశాడు. ఒక మనిషి తనవంక చూస్తూ మొదలుపెట్టడమేమిటి? ఎప్పుడూ తనే ఇంకొకరి పెదాలవంక చూసింది. ఆమె వంక ఎవరు చూశారు గనక? జంబుకానా మీద కూర్చున్న అన్నేళ్ళలో అక్క చూపు ఎదుట జనం మీద ఉండేది, లేకపోతే కళ్ళు మూసుకుని ఉండేది. అక్కని అనడం కాదు. పాడేవాళ్ళు అలాగే ఉంటారు.

గురువారం మార్గరెట్ రెండో భాగాన్ని మూడుసార్లు మొదలుపెట్టించింది. మొదటిసారి భానుశ్రీ ఆలస్యమైంది, వాల్టర్ ఆమెతోపాటు ఆలస్యమయ్యాడు. రెండోసారి కమాను తీగ మీద ఆనించి ఉంచి, తలతిప్పకుండా ఓరగా చూసింది. ముసలాయన కళ్ళు ఆమె కుడిచేతి మీద ఉన్నాయి. బడి గేటు దగ్గర చేయి పట్టుకోమని చూసే చంటిపిల్లవాడి చూపులా, అనుమానం లేకుండా. ఆమె ఊపిరి పీల్చింది. అది చుట్టుపక్కలవాళ్ళకి వినపడేంత గట్టిగా వచ్చింది. కమాను కదిలింది. ముందున్న ఆరుగురితో కలిసిందో లేదో ఆమెకి తెలియలేదు. మార్గరెట్ ఆపలేదు. మూడోసారి కూడా బాగానే వచ్చింది.

"శనివారం ఇద్దరూ వాయిస్తున్నారు. అయితే అక్కడ రెండోసారి, మూడోసారి ఉండవు. గుర్తుంచుకోండి," అంది మార్గరెట్.

శనివారం మధ్యాహ్నం మూడింటికి హైస్కూల్ ఆడిటోరియంలో కచేరీ. మూడో వరుసంతా మనవాళ్ళే. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. రిషిత కాలేజీ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చింది. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదు, అంతా అయ్యాకే కొట్టాలని ఫణికుమార్ గ్రూపులో మూడుసార్లు మెసేజ్ పెట్టాడు. మొదటి భాగం అయింది. ముందుగా చప్పట్లు మొదలుపెట్టింది ఆయనే. పద్నాలుగుమందీ అందుకున్నారు. రిషిత తండ్రి మోచెయ్యి పట్టుకుని ఆపింది. మార్గరెట్ వెనక్కి తిరిగి నవ్వింది, హాలంతా నవ్వింది. వాయించేవాళ్ళలో భానుశ్రీ ఒక్కతే నవ్వలేకపోయింది.

హాలు సద్దుమణిగింది. మార్గరెట్ చేతులెత్తింది.

చర్చి హాల్లో నిశ్శబ్దం వేరు. అక్కడ ఫ్రిజ్ చప్పుడు ఉండేది, పక్కరోడ్డు మీద కార్లు పోతుండేవి. ఇక్కడ నాలుగొందలమంది ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. భానుశ్రీ కమాను తీగ మీద ఉంది. చెవి తనంతట తానే ముందుకు సాగింది. ఎన్నో ఏళ్ళ అలవాటు, మొన్న గురువారం ఒక్కరోజు సాధనకి పోతుందా? ఆమె వింది. ఎడమపక్క నుంచి వచ్చిన వాయించేవాళ్ళ కుర్చీల కిర్రు వింది. దాని వెనక ఇంకా దూరంగా దేనికోసమో వింది. ఏదో రావాలి, అది వస్తే తను వెళ్తుంది. మూడేళ్ళుగా ఆదివారం పొద్దుటిపూట వంటింట్లో నిలబడి ఆమె విన్నది దానికోసమే. చర్చి హాల్లో ప్రతి మంగళవారం ఆగిపోయింది దానికోసమే. ఆ సంగతి ఆమెకి ఇప్పుడు తెలిసింది.

అక్క పాడదు. ఎంతసేపు ఆగినా పాడదు. ఇది ఫోన్ ఆలస్యం కాదు.

పక్కన వాల్టర్ కళ్ళు ఆమె చేతి మీద ఉన్నాయి. మార్గరెట్ చెయ్యి దిగడం మొదలైంది.

భానుశ్రీ ఊపిరి పీల్చుకుంది. వాల్టర్ భుజం ఆమె భుజంతోపాటే లేచింది. కమాను కదిలింది.

తన స్వరం ఆమెకి వినపడలేదు. వేరుగా ఎవరి స్వరమూ వినపడలేదు. ఎనిమిది కమానులు కిందికి వస్తున్నాయి, ఒకే ఒక్క నాదం ఉంది, అది ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు. రెండో ఆవర్తనానికి ఆమె కళ్ళు నిండిపోయాయి. మూడోదానికి కాగితం మీద చుక్కలు, వాటికింద తెలుగు అక్షరాలు అన్నీ అలుక్కుపోయాయి. అక్క పోయిన ఆదివారం నాడు కూడా ఇంతలా ఏడవలేదు. చెంపలమీదుగా కారి గడ్డం కింద వయొలిన్ చెక్క తడిసింది. గొంతులోంచి వెక్కు ఒకటి పైకి తన్నుకొస్తోంది. ఒక్కసారి కమాను దించి, ఆ కుర్చీలోనే తలవంచుకుని కూర్చుండిపోవాలనిపించింది.

వాల్టర్ చూస్తూనే ఉన్నాడు. ఆయనకి ఆమె మొహం పట్టలేదు, హాలు పట్టలేదు, ఏ ధ్వనీ చేరని తన లోకంలో ఆమె కమాను చివర ఎటు పోతే అటు తన కమాను పోనిస్తున్నాడు. ఆమె ఆగితే ఆయన ఆగిపోతాడు.

ఆమె వెక్కుని మింగి, నాలుగో ఆవర్తనంలోకి ఆయన్ని తీసుకుని వెళ్ళింది.